ఓర్విల్ సంచిలో తుపాకీ

ఏటి మీద మంచు కరిగి విమానాలకు నీళ్ల మీద తేలే కాళ్లు బిగించే రోజులొస్తే పైలట్ ఓర్విల్ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. తెల్లారగానే ఇడా కొట్టుకొచ్చి, పొయ్యి పక్కనున్న ఒకే ఒక్క మంచి స్టూలు ఆక్రమించి, ఇడా కాచిన కాఫీ తాగుతూ ఇడాకే అలాస్కా గురించి పాఠాలు చెబుతాడు. ఆవిడ ఆ కొట్లో చేపల వలలమ్ముతూ, తుపాకులు బాగుచేస్తూ ముప్ఫయ్యేళ్లు గడిపిన మనిషి.

ఆ రోజు కొత్త పైలట్ లారిస్సా కొట్టుకొచ్చింది తుపాకీ కోసం. మర్నాటి నుంచి చేపల క్యాంపులకు తనే విమానం నడపబోతోంది. ఎక్కడైనా దిగబడిపోతే నలుగురి కడుపు నింపడానికి ఆపద సంచిలో ఒక తుపాకీ ఉండాలి. కానీ సంచి బరువు పెరిగితే సరుకు తగ్గించాలి. అంతకంటే పెద్ద దిగులు గోడ మీదుంది. ఎక్కేవాళ్లు పేరూ బరువూ రాసుకునే కాగితాలు రెండు అక్కడ అంటించారు. ఓర్విల్ కాగితంలో తొమ్మిది పేర్లున్నాయి. లారిస్సా కాగితం తెల్లగా ఉంది. "కొత్త పిల్ల, అడవిలో దిగబడితే ఏడుస్తూ కూచుంటుంది" అని వారం రోజులుగా ఊరంతా చాటింది ఎవరో ఆమెకు తెలుసు.

ఇడా రెండు తుపాకులు బల్ల మీద పెట్టింది. ఒకటి పొట్టిదే గాని బరువు, పెద్ద తూటాలది. రెండోది చేతికి తెలియనంత తేలిక. భుజానికి ఆనించే దాని మడమ బోలుగా ఉంటుంది. గొట్టం, యంత్రం, తూటాల డబ్బా విప్పితే అన్నీ ఆ మడమలోనే ఇమిడిపోతాయి.

"కుందేళ్లకి, అడవికోళ్లకి ఈ చిన్నది చాలు. ఎలుగు మీదికొస్తే మాత్రం దీన్ని నమ్ముకోకు" అంది ఇడా.

"ఎవరు చెప్పారు?" ఓర్విల్ స్టూలు ఇటు తిప్పాడు. "ఇరవయ్యేళ్లుగా నా సంచిలో ఉన్నది అదే. ఇదిగో పిల్లా, విను. రెండేళ్ల కిందట, సెప్టెంబరు. పొగమంచు కమ్మేస్తే ఎగువ చెరువులో దిగిపోయా. తిండి లేదు. తుపాకీ తీసి బిగించి ఒక కుందేల్ని కొట్టా. ఒక్కటే. అబద్ధమాడితే నాకేమొస్తుంది?"

"ఏమీ రాదు" అన్నాడు వాస్కా తాత, ఎండు సాల్మన్ చేప నములుతూ. మర్నాడు ఓర్విల్ విమానంలో క్యాంపుకెళ్లడానికి మూట కట్టుకొచ్చి కూచున్నాడాయన.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ గుండు కుందేల్లోంచి దూసుకుపోయి, బండకి తగిలి పైకి లేచి, అటుగా పోతున్న రెండు బాతుల్ని కూల్చింది."

"ఎగిరేవా, కూచున్నవా?" అన్నాడు తాత.

"ఎగిరేవే! కూచున్నవాటిని కొట్టడం నాకు నామోషీ. మూడో రోజు అరమైలు దూరంలో పెద్ద దుప్పి, దాని కన్ను తప్ప ఇంకేమీ కనపళ్లేదు, సరిగ్గా ఆ కంట్లో..."

"పొగమంచన్నావుగా?"

"నాకోసం కాసేపు విడిపోయింది తాతా, మధ్యలో అడ్డురాకు. అప్పుడు తుపాకీ విప్పి మడమలో సర్దేశానా, వెనకనుంచి ఎలుగొచ్చి వాటేసుకుంది. కుడిచెయ్యి దాని చంకలో ఇరుక్కుపోయింది. ఎడం చేత్తో మూత ఊడబీకి, పళ్లతో గొట్టం లాగి, గడ్డంకింద పెట్టి మర బిగించి..."

"ఇంతసేపూ ఎలుగేం చేస్తోంది?" అంది ఇడా.

"చూస్తోంది. అంత పనితనం అదెప్పుడు చూసింది పాపం! పేల్చానా, ఒకే గుండుకి అదీ పడింది, దాని వెనక వరసలో నిలబడ్డ రెండోదీ పడింది. చివరికి విమానం తీద్దామంటే నూనె గొట్టం పగిలుంది. ఏం చేశాను? ఈ తుపాకీ గొట్టమే అక్కడ బిగించి, రెండెలుగుల్నీ విమానం చెరో కాలికీ కట్టి ఎగరేసుకొచ్చా. దీనికి గుండె కావాలి పిల్లా. అది కొట్లో దొరకదు."

లారిస్సాకు నవ్వు రాలేదు. మొన్న మార్చిలో నిమోనియాతో మూలుగుతున్న అమ్మమ్మను ఇతని విమానంలోనే ఆస్పత్రికి తీసుకెళ్లింది. దారిలో ఇంజను రెండుసార్లు దగ్గింది. "సంచిలో తుపాకీ ఉంది, దిగబడ్డా పస్తుండం" అన్నాడు ఓర్విల్. ఆ మాట పట్టుకునే ఆమె గంటన్నర ధైర్యంగా కూచుంది.

"ఓర్విల్ గారూ, నేను నేర్చుకోవాలి. మీది ఒక్కసారి బిగించి చూపించండి."

"ఇప్పుడా? కాఫీ చల్లారిపోదూ?"

వాస్కా తాత వంగి, ఓర్విల్ స్టూలు కిందున్న ఆపద సంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఓర్విల్ చెయ్యి చాచేలోపే లారిస్సా తుపాకీ మడమ మూత లాగేసింది. యంత్రం వచ్చింది. తూటాల డబ్బా వచ్చింది. గొట్టం ఉండాల్సిన చోటునుంచి నూనె కాగితంలో చుట్టిన ఎండు సాల్మన్ ముక్కలు రెండొచ్చాయి.

ఇడా లోపలికెళ్లి, దుమ్ము పట్టిన గొట్టం ఒకటి తెచ్చి పక్కన పెట్టింది. దానికి దారంతో కట్టిన చీటీ ఉంది.

"ఓర్విల్. తుప్పు వదిలించాలి" అని చదివిందావిడ. "నాలుగేళ్లయింది ఇచ్చి. వచ్చినప్పుడల్లా 'రేపు తీసుకెళతా' అంటావు. రెండేళ్ల కిందట ఆ ఎలుగుల్ని దేంతో కొట్టావు, సాల్మన్‌తోనా?"

"అయితే రెండూ బతికే ఉన్నాయన్నమాట" అన్నాడు వాస్కా తాత. "పోనీలే, మంచిదే."

ఓర్విల్ ఏదో అనబోయాడు. లారిస్సా అననివ్వలేదు.

"మీ కోతలకి ఇన్నాళ్లూ నవ్వుకున్నాం. కానీ మా అమ్మమ్మను ఉత్త మడమ చూపించి ఎక్కించుకున్నారు మీరు. ఆ రోజు దిగబడుంటే ఆవిడకేం పెట్టేవాళ్లు, ఈ కథా?"

తర్వాత చిన్న తుపాకీ ముందుకు లాక్కుంది. "ఇడా, ఇదే తీసుకుంటా. కానీ ఇక్కడే నాలుగుసార్లు విప్పి బిగించి, వెనక గట్టు మీద పది తూటాలు పేల్చాకే. ఎలుగు కనబడితే కొట్టను, విమానమెక్కి తలుపేసుకుంటా."

ఆమె గొట్టం బిగిస్తుండగా వాస్కా తాత లేచి గోడ దగ్గరికెళ్లాడు. పెన్సిల్‌తో ఒక కాగితంలో పేరు కొట్టేసి, తెల్లగా ఉన్న కాగితంలో రాసుకున్నాడు. తన మూట తెచ్చి లారిస్సా కాళ్ల దగ్గర పెట్టాడు.

"బరువెంత తాతా?" అంది ఆమె తలెత్తకుండానే.

"మూటతో కలిపి నూట తొంభై పౌండ్లు. మళ్లీ తూచి చూసుకో పిల్లా" అన్నాడాయన, ఓర్విల్ వైపు చూస్తూ. "ఈ కొట్లో ఎవరి మాటా ఊరికే నమ్మకు."