దసరా సాయంత్రం రవి ఎక్కడున్నాడు

రాయ్‌పూర్, రైల్వే వర్క్‌షాపు వాళ్ళుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. వరహాలమ్మ క్వార్టరు గుమ్మం. వచ్చింది వెనక లైనులో ఉండే నవ్య, యూనివర్సిటీలో క్రిమినాలజీ ఎమ్మే చదువుతోంది.

"సంతకం ఎట్టనని సెప్పినాను కదేటే. మళ్ళీ ఎందుకొచ్చినావు?"

"మొన్న పూర్తిగా వినకుండానే తలుపేసేశావు అత్తా. ఒక్కసారి విను, బస్, అంతే చాలు."

"నా కొడుకు జైల్లో ఉన్నాడు. రెండేళ్ళయింది. ఇంకా ఇనడానికేటుంది అందులో?"

"రవి అన్న ఆ దొంగతనం చెయ్యలేదని నిరూపించొచ్చు. అది వినవా?"

"నువ్వేటి, లాయరువా?"

"క్రిమినాలజీ స్టూడెంట్‌ని. దొంగని తప్పుగా పోల్చి నిర్దోషుల్ని జైల్లో వేసిన కేసులు, మా ప్రాజెక్టు దాని మీదే. నేను మన కాలనీ కేసు తీసుకున్నా."

"ఓహో. నేరాల సదువు. ఊరు ఊరంతా నేరాలుంటే నీకు మా ఇల్లే దొరికింది. మార్కులేస్తారేటి దానికి?"

"మార్కుల కోసం కాదు."

"ఏస్తారా, ఎయ్యరా? అది సెప్పు."

"వేస్తారు. అయినా దానికోసం కాదు. విను. దసరా సాయంత్రం కత్తి చూపించి గల్లాపెట్టె ఎత్తుకుపోయినవాడి ముఖం ఆ బీర్‌గావ్ కిరాణా షాపాయనకి కనబడనే లేదు. మూతికి గుడ్డ కట్టుకున్నాడు. తాగి గొడవలు పడతాడని రవి అన్న ఫోటో స్టేషన్లో ఉంది కదా, పోలీసులు ఆయనకి ఆ ఒక్క ఫోటోనే ముందు చూపించారు. తర్వాత నలుగురి మధ్యలో నిలబెట్టి, పోల్చు అన్నారు. ఇంకెవర్ని పోలుస్తాడు? ఫోటోలో చూసినవాణ్ణే పోల్చాడు."

"అయితే?"

"అయితే ఏంటి అత్తా? మా సార్ చూసి, ఈ శిక్ష నిలబడదు, అప్పీలు చెయ్యండి అన్నారు. ఉచితంగా వాదించే లాయర్ని కూడా మాట్లాడారు. నీ మాటొక్కటే కావాలి. ఆ సాయంత్రం రవి అన్న ఇంట్లోనే ఉన్నాడని నువ్వు రాసివ్వాలి."

"ఉన్నాడని నానెలా రాసిస్తాను? నాను ఇంట్లో ఉంటే కదా. కోర్టులో కూడా అదే సెప్పినాను."

"అదే అడుగుతున్నా. తనేమో, ఇంట్లోనే ఉన్నాను, మా అమ్మనడగండి అని జడ్జి ముందు మొత్తుకున్నాడు. నువ్వేమో గ్రౌండ్‌లో ఉన్నా, నాకు తెలీదు అన్నావు."

"గ్రౌండ్‌లోనే ఉన్నాను. రావణుణ్ణి కాలుస్తారు గదా, సూడ్డానికెల్లినాను. కాలనీ కాలనీ అంతా ఎల్తాది."

"కాలనీ అంతా వెళ్ళింది. నువ్వు రాలేదు. మా అమ్మ చాప మీద నీకు చోటుంచింది. ఎంతమందిని కూర్చోనివ్వలేదో తెలుసా? నువ్వు రానే లేదు."

"అంత జనంలో మీ అమ్మకి నాను కనబడి ఉండను."

"త్రివేణక్క గ్రౌండ్‌కి వెళ్ళలేదు."

"ఏ త్రివేణి?"

"ఏ త్రివేణి ఏంటి? నీ గోడకి అవతల ఉండే త్రివేణక్క. పసిపిల్లకి బాంబుల మోత పడదని ఇంట్లోనే ఉండిపోయింది. అటు బాంబులు పేలుతుంటే ఇటు మీ ఇంట్లోంచి రవి అన్న గొంతు వినబడిందట."

"ఇంకేటి ఇనబడిందంది?"

"అంతే. గట్టిగా అరుస్తున్నాడంది."

"ఇంకేటీ సెప్పనేదా?"

"ఇంకేం కావాలి? తను ఇంట్లో ఉన్నాడు. నువ్వూ ఇంట్లోనే ఉన్నావు. కోర్టులో అబద్ధమాడావు."

"మెల్లగా మాట్లాడు."

"ఎందుకు మెల్లగా? అందరికీ తెలియనీ!"

"ఎల్లిపో నవ్యా. మంచిగా సెప్తన్నాను, ఎల్లిపో."

"వెళ్ళను. మాకు క్లాసులో ఏం చెప్తారో తెలుసా? జరిగినదాని వల్ల ఎవరు బాగుపడ్డారో ముందు చూడమంటారు. చూశాను. మీ ఆయన, దుర్గారావు మావయ్య, డ్యూటీలో ఉండగా పోయాడు. ఆయన బదులు వర్క్‌షాపులో వచ్చే ఉద్యోగం రవి అన్న చేస్తాననుకున్నాడు. తను జైలుకెళ్ళాడు. ఉద్యోగం నీకొచ్చింది. ఈ క్వార్టరూ నీకే ఉండిపోయింది. చెప్పు, అబద్ధమా?"

"అబద్ధం కాదు."

"చూశావా!"

"ఏటి సూసేది? పొద్దున్నే ఆఫీసుకెల్తాను. బల్లలు తుడుస్తాను, ఫైళ్ళు మోస్తాను. ఇంటికొచ్చి ఇంత వండుకుని తిని తొంగుంటాను. ఎవుడి సొమ్మూ తిన్నేదు. ఇప్పుడేటంతావు?"

"ఉద్యోగం కోసం కన్నకొడుకుని జైల్లో కుళ్ళబెట్టావంటాను. ఛీ. అసలు తల్లివేనా నువ్వు?"

"ఒలే! నోరు మూసుకో! మీ అమ్మ ఆస్పత్రిలో ఉంటే నెల్లాళ్ళు నా సంకలో పెరిగినావు. అప్పుడు తల్లినే. ఇప్పుడు కాకుండా పోయినానేటి?"

"అందుకే ఇంకా అసహ్యంగా ఉంది. పోయిన వారం జైలుకెళ్ళి చూశాను తనని. ఎంత బక్కచిక్కిపోయాడో. నన్ను చూసి ఏడ్చాడు. మొదట అడిగింది నీ గురించే."

"ఏటడిగాడు?"

"అమ్మ ఎలా ఉంది, ఒక్కతే ఉంటోందా, ఇంటికి ఎవరైనా వచ్చి పోతున్నారా అని."

"నువ్వేటి సెప్పినావు?"

"ఒక్కతే ఉంటోంది, మావయ్య ఉద్యోగం చేసుకుంటోంది అన్నాను."

"సెప్పీసినావా?"

"తనకి తెలీదా?"

"ఓలమ్మో! సెప్పీసినావా! ఉద్యోగం నాకొచ్చిందని వాడికి సెప్పీసినావా!"

"చెప్తే ఏమైంది?"

"ఏటన్నాడు? సరిగ్గా సెప్పు. ఏటన్నాడు వాడు?"

"కాసేపు నవ్వాడు. బయటికొచ్చాక మాట్లాడతానని అమ్మతో చెప్పు అన్నాడు. అత్తా? ఏంటలా అయిపోతున్నావు? కూర్చో. మంచినీళ్ళు తేనా?"

"ముట్టుకోకు నన్ను. ఆ కాగితం ఇలా తే."

"సంతకం పెడతావా? ఇదిగో, ఇక్కడ కింద... అత్తా! చింపకు! అత్తా!"

"ఇప్పుడు పో."

"ఇంకోటి తెస్తాను. నువ్వు రాకపోతే త్రివేణక్కని నిలబెడతాను సాక్షిగా."

"నిలబెట్టు. అడుగు దాన్ని. రవి గొంతొక్కటే ఇనబడిందా, గోడకి తలకాయ కొట్టిన సప్పుడు కూడా ఇనబడిందా అని."

"ఎవరి తలకాయ?"

"ఈ ఇంట్లో ఇంకెవరున్నారే? ఉద్యోగం నాకొద్దు, నా కొడుక్కిచ్చేయండి అని సంతకం ఎట్టమన్నాడు. ఎట్టనన్నాను. తలుపు గడియేసినాడు. బాంబులు మొదలయ్యే దాకా మంచం మీద కూకుని ఉన్నాడు. నానరిసినా ఎవరికీ ఇనబడదని. అవి పేలినంతసేపూ కొట్టినాడు."

"అత్తా..."

"ఇంటిలో ఉన్నాడా అంటే, ఉన్నాడే. ఎక్కడికీ ఎల్లనేదు."

"మరి పోలీసులకి చెప్పాల్సింది కదా."

"అంతకు ముందే ఎల్లినాను. రెండుసార్లు. 'ఘర్ కా మామ్‌లా హై అమ్మా, ఇంటి గొడవ ఇంట్లోనే తేల్చుకోండి' అన్నారు. వాణ్ణే పిలిచి, మీ అమ్మని తీసుకుపో అని నా సెయ్యి వాడి సేతిలో ఎట్టినారు. నీ సదువులో ఇది నేదేటి? పేపరు ఎట్టరేటి దీనికి?"

"ఉంది. రాశాను కూడా."

"రాసినావు గదా. ఇంక ఎల్లు."

"నాకు తెలీదు అత్తా. సచ్చీ, నిజంగా తెలీదు."

"కాలనీలో అందరికీ ఇలాగే తెల్దు."

"కానీ అత్తా, ఆ దొంగతనం తను చెయ్యలేదు. చెయ్యని నేరానికి లోపలున్నాడు. నేను ఇప్పుడు ఏం రాయాలి? మా సార్‌కి ఏం చెప్పాలి?"

"నీ ఇష్టం. వాడు సెయ్యనేదని నీకన్నా ముందు నాకే తెల్సు."

"అసలు దొంగ బయట హాయిగా తిరుగుతున్నాడు. అదైనా అనిపించదా నీకు?"

"ఎందుకనిపించదు? ఎవుడో గానీ, రోజూ దీపమెట్టినప్పుడు ముందు వాడి కోసమే మొక్కుతాను. ఆ బిడ్డని సల్లగా సూడు సామీ, ఎన్నటికీ పోలీసోళ్ళకి దొరకనియ్యకు అని."