లెక్క రాసినవాడి పేరు

(రేవు పక్కన ఇంజన్లు బాగుచేసే షెడ్డు. సముద్ర పరిశోధన కేంద్రం పడవ నడిపే పెద్దాయన, ఆ పడవలోనే తిరిగి పీహెచ్‌డీ చేసిన అమ్మాయి.)

“వద్దులేమ్మా. నా పేరెందుకు అందులో.”

“ఎందుకేంటి బాబాయ్? డాల్ఫిన్లని లెక్కపెట్టింది నువ్వు. పన్నెండేళ్లు పుస్తకంలో రాసింది నువ్వు. నేను చేసిందల్లా వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడం.”

“ఆ స్పానర్ ఇలా అందుకో. అది కాదు, చిన్నది.”

“మాట మార్చకు.”

“మార్చట్లేదు, నట్టు బిగిస్తున్నా. డాక్టరమ్మవయ్యావు. ఫెలోషిప్పొచ్చింది, రెండేళ్లు నీ పరిశోధన నువ్వు చేసుకోమన్నారు. హాయిగా చేసుకో.”

“హాయెక్కడుంది? దరఖాస్తులో నీ పేరు రాయలేదు నేను. ‘కేంద్రం రికార్డులు’ అని రాసేశాను. ఇంటర్వ్యూలో ఆ లెక్కల్ని అందరూ మెచ్చుకుంటుంటే తలూపుతూ కూర్చున్నాను. ఆ తర్వాత నీ మొహం చూడలేక ఇటు రావడమే మానేశాను.”

“అందుకా రాలేదు? మా ఆవిడేమో, పెద్దదైపోయింది, ఇంక మనమేం కనపడతాం అంది. నేను కసిరాను.”

“పిన్ని అన్నదే నిజమనుకో. ఇదిగో, కాగితం తెచ్చాను. సంతకం పెట్టు.”

“ఏముంది ఇందులో? కళ్లజోడు తేలేదు.”

“జేబులో ఉంది.”

“ఊఁ... నువ్వే చదువు.”

“‘ఈ లెక్కలన్నీ నేనే స్వయంగా చూసి రాశాను.’ కింద నీ పేరు. అంతే.”

“అన్నీనా?”

“అన్నీ.”

“కొన్ని అని రాయకూడదా?”

“కొన్నేంటి బాబాయ్?”

“ఏం లేదు. ఊరికే. ఈ లెక్కలతో ఏం చేస్తారు?”

“డాల్ఫిన్లు ఎక్కడ ఎక్కువ తిరుగుతున్నాయో చూసి, అక్కడ వలలు వెయ్యకూడదని గీత గీస్తారు.”

“గీస్తే... అక్కడ వేటాడేవాళ్లు?”

“వేరే చోటు చూసుకోవాలి.”

“నలభై పడవలమ్మా అవి.”

“తెలుసు.”

“అమ్మాయ్, ఆ స్టూలు మీద కూర్చో.”

“పర్లేదు, చెప్పు.”

“కూర్చోమన్నానా. నా బావమరిది సంగతి నీకు తెలుసు కదా.”

“పడవ తిరగబడి పోయాడని చెప్పావు.”

“నడుపుతున్నది నేనే. నేను ఈదుకొచ్చేశాను, వాడు రాలేదు. ఆ తర్వాత... మా ఆవిడక్కూడా తెలీదిది.”

“ఏది?”

“పొద్దున్నే పడవ తీసేవాణ్ణి. అందరూ చూసేవాళ్లు. ఏరు సముద్రంలో కలిసే చోటికి రాగానే ఇంజన్ ఆపేసేవాణ్ణి. అక్కడే మడ చెట్ల వెనక లంగరేసుకుని కూర్చునేవాణ్ణి. సాయంత్రం దాకా.”

“మరి పుస్తకంలో?”

“రాసేవాణ్ణి. అంతకుముందు ఏడాది పన్నెండుంటే, పదకొండో పదమూడో. అప్పుడు కేంద్రంలో శాస్త్రవేత్తలెవరూ లేరు, అడిగే దిక్కు లేదు. మూడేళ్లమ్మా. పడవ నడిపేవాడు నీళ్లంటే భయపడుతున్నాడని ఎవరికి చెప్పుకోను? నువ్వు ఆ పుస్తకం అడిగిన రోజే చెప్పాల్సింది. నీ సంబరం చూసి పుస్తకం చేతిలో పెట్టేశాను.”

“బాబాయ్...”

“నువ్వేదో నాకు అన్యాయం చేశానని ఇదైపోతున్నావు. చేసింది నేను. ఇప్పుడు నీ ఫెలోషిప్ పోతుందా?”

“ఆ కాగితం ఇలా ఇచ్చెయ్.”

“పెడతానమ్మా సంతకం. ఆ మూడేళ్ల తప్పూ నాదేనని కూడా రాయి, పెడతాను. నీ మీదికి రాకూడదు.”

“ఇచ్చెయ్ బాబాయ్, నీకు దణ్ణం పెడతాను.”

“అరె, ఎందుకు చింపుతున్నావ్?”

“ఆ మూడేళ్ల లెక్కలు దొంగవని నాకు పోయినేడాదే తెలిసింది. తెలిసీ వాడుకున్నాను. నిన్న ఫెలోషిప్ కమిటీవాళ్లు కూడా పట్టుకున్నారు, ఎవరు రాశారో చెప్పమన్నారు. అందుకే బాబాయ్, ఇవాళ నాకు నీ పేరు గుర్తొచ్చింది.”