పడుగు నమిలిన మేక

“అవ్వా, కుక్కపిల్ల గడప కాడే నిలబడి చూస్తా ఉండాది. నీ కంచంలోది ఒక ముద్ద వేస్తే ఏమి?”

వెయ్యను. నువ్వూ వెయ్యొద్దు. కూర్చో, చెప్తా.

నన్ను పేర్ణాంబట్టు నుంచి ఈ గుడియాత్తం నేతోళ్ళ ఇంటికి ఇచ్చిన కొత్త. మా నాయన నాతో ఒక చూలు మేకను తోలినాడు. ఈనింది ఈడనే. పిల్లకు ఇంకా తడి ఆరలేదు, తూలుకుంటా లేచి పోయి పొదుగు పట్టుకున్నాది. ఎవరు చెప్పినారు దానికి? అది పుట్టుకతో వచ్చేది. మగ్గం చప్పుడుకు మాత్రం ఎగిరెగిరి పడేది. నెల తిరిగేసరికి ఆ మగ్గం పక్కనే నిద్రపొయ్యేది. అదీ ఎవరూ నేర్పలా, వినీ వినీ భయం పోయింది. ఇంకొకటి ఉండాది, అది నేను నేర్పినాను. నేర్పుతా ఉండానని నాకే తెలీదు.

అప్పట్లో పడుగు నాడు పొద్దున్నే వీధిలో నిలువు పోగులు చాచి, నూలుకు గంజి పట్టించి, కుంచెతో దువ్వేవాళ్ళు. గంజికుండ మోసేది నేను. పని అయినాక గరిటెను కుండ అంచుకు రెండుసార్లు తట్టి, అడుగున మిగిలింది అరచేతిలో పోసి మేకపిల్లకు నాకించేదాన్ని. పారబొయ్యడం తప్పు గదా. కొన్నాళ్ళకు ఆ తట్టు వినబడితే చాలు, యాడ ఉన్నా పరుగెత్తి వచ్చేది. నాకు గొప్పగా ఉండేది.

ఆ పిల్ల పెద్దదైనాక ఒక పొద్దు కట్టు తెంచుకొని వచ్చి, గంజి తడి ఆరని పడుగును జానెడు మేర నమిలి పెట్టినాది. ఇంటిల్లిపాదీ చేసిన పని పాడైనాది.

“మా అత్తగారింటి మేకకు లుంగీ కావల్లేమో” అన్నాడు మీ తాత. మా అత్త, “పుట్టింటి బుద్ధి యాడికి పోతాది” అన్నాది. మేకనో, నన్నో.

మామ నవ్వలా, తిట్టలా. “గంజికి పిలిచింది ఎవరమ్మా?”

“నేనే మామా.”

“అయితే నువ్వే మాన్పించు. వచ్చే పడుగు నాడు కట్టు విప్పి పెడతా. పోగు ముట్టుకున్నాదంటే కసాయికి.”

ఆయన మాట అంటే మాటే.

దినామూ ఉత్త కుండ తట్టేదాన్ని, ఏమీ పెట్టేదాన్ని కాదు. మొదట అది ఇంకా గట్టిగా అరిచినాది. నాలుగో నాడు... కాదు, ఐదో నాడు, నా పుట్టింటిది గదా అని ఓర్చుకోలేక చారెడు పోసినా. అంతే, మరుసటి దినం నుంచి రెండింతలు అరుపు. ఎప్పుడో ఒకసారి పెడితే అసలు వదలదమ్మా, అది తెలుసుకో. మళ్ళా మొదటి నుంచి. ఈసారి చేతులు కొంగు కింద చుట్టుకొని నిలబడినా. మేత మాత్రం పెరట్లోనే, వేళకు అవిసాకు.

పడుగు దినం వచ్చినాది. మామ కట్టు విప్పినాడు. నేను తట్టినా. మేక చెవులు ఎత్తినాది. నా చేతుల పక్క చూసినాది. రెండడుగులు వేసి నిలబడినాది. తర్వాత మెల్లగా తిరిగి పెరట్లోకి, అవిసాకు కాడికి పోయినాది. మామ కట్టుతాడు చుట్టి చూరులో పెట్టి, కుంచె చేతికి తీసుకున్నాడు.

అది మరిచిపోయినాదిలే. నా చెయ్యే, కుండ తట్టినప్పుడంతా, ఇంకా ఎన్నాళ్ళో అడుగు గోకబోయేది.

సరి, నా తిండి అయినాది. కంచంలో మిగిలిన ముద్ద తీసుకుపోయి వాకిట్లో దాని చిప్పలో వెయ్. రేపూ ఆడనే, ఇదే వేళకు. మరిస్తే అరుస్తాది, అప్పుడు దాన్ని తిట్టొద్దు. పో తల్లీ, సల్లగా ఉండు.