గొడుగు ముసలమ్మ అంకె

అంకెల బాబాయ్ చేతికి టీ గ్లాసు వచ్చిందంటే మాటలు కోటలు దాటాల్సిందే. ఆన్‌లైన్ పోటీ ఆట తయారుచేసే ఆఫీసులో ఏ పాత్రకి ఎంత బలముండాలో ఆ అంకెలు ఎక్కించడం ఆయన పని. ఆయన గదిలో ఇంకో ఇద్దరు కూడా అదే పని చేస్తారు గానీ, ఆయన కథల్లో వాళ్ళు మచ్చుకైనా కనబడరు.

ఆ మధ్యాహ్నం ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర అందరూ చేరారు, టెస్టరమ్మాయికి మాత్రం నవ్వు రావడం లేదు. ఆటని ముందుగా ఆడి లోపాలు పట్టే ఆ పిల్ల, గొడుగు ముసలమ్మ అనే పాత్ర కోసం అందరితో పోట్లాడి ఆటలో దానికి చోటు ఇప్పించింది. ముసలమ్మ కదలకుండా నిలబడితే చాలు, ఏ మీటా నొక్కకుండా గాయాలు మానిపోతాయి. అలా దానంతటదే పనిచేసే గుణాన్ని ప్యాసివ్ అంటారు. సెకనుకి పాయింట్ అయిదు, అంటే అర చొప్పున మానాల్సింది, ఎవరో ఆ పాయింట్ మర్చిపోయి ఏకంగా అయిదు ఎక్కించారు. ఇక ముసలమ్మని చంపేవాడు లేడు. అంకెల గదిలో ముగ్గురిదీ ఒకటే కంప్యూటరు, ముగ్గురూ "నేను కాదు" అనేశారు. పొరపాటని ఎవరూ ఒప్పుకోకపోతే, నాలుగింటి మీటింగులో పాత్రే పనికిరాదని తీసిపారేస్తారు.

"ప్యాసివ్‌ల సంగతి నన్నడగాలి," అని మొదలెట్టాడు బాబాయ్. "మన పోస్టుమాన్ పాత్ర లేడూ, అడుగేసిన కొద్దీ వాడి వేగం మూడు శాతం పెరిగేది, ఇది ఎక్కువేమోనని నాకు అనుమానం, నేను అనుమానపడితే ఊరికే పోదు కదా, ఎవడో ఆ పోస్టుమాన్‌ని మైదానం చుట్టూ రెండు రోజులు ఆపకుండా పరిగెత్తించాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కాళ్ళు పీకుంటాయి," అన్నాడు ఆటకి బొమ్మలు గీసే ఆయన.

"నవ్వండి నవ్వండి. వాడు బయల్దేరకముందే చేరిపోవడం మొదలెట్టాడయ్యా! ఇవాళ్టి ఆట గెలిచి, ఆ ఊపు ఆగక నిన్నటి ఆటలోకి దూరి అదీ గెలిచాడు, మొన్నటిదీ గెలిచాడు, పోయినేడు కప్పు కొట్టినవాళ్ళు పొద్దున్నే లేచి చూసుకుంటే బీరువాలో కప్పు లేదు!"

"పోలీసులకి చెప్పలేదా?" అన్నాడు టీ కొట్టాయన.

"ఎవరి మీదని చెప్తారు? మేనేజరు నాకు ఫోన్ చేసి, నువ్వు తప్ప దిక్కు లేదన్నాడు. ఆఫీసుకి వచ్చేసరికి తెరలోంచి ఒకటే గాలి, కుర్చీలన్నీ వరండాలో ఉన్నాయి, నా కళ్ళజోడు ఎటు పోయిందో తెలీదు, ఒక చేత్తో బల్ల పట్టుకుని, రెండో చెయ్యి తెరలోకి పెట్టి, వాడు అటుగా వస్తుంటే సంచీ పట్టి లాగి, మూడు చెరిపి రెండు కొట్టాను. సంచీలో చూద్దును కదా, నా పేరు మీదే ఉత్తరం, మర్నాటి తేదీతో, మీ మేలు మరువలేమని! ఆ రోజు నుంచీ నా చెయ్యి పడకుండా ఈ ఆటలో ఒక్క అంకె కదిల్తే ఒట్టు. మిగతా ఇద్దరూ ఫ్యాను కింద కూర్చోడానికే."

"ఒక్కటి కూడానా బాబాయ్?" అంది టెస్టరమ్మాయి.

"ఒక్కటంటే ఒక్కటి కూడా!"

"అయితే ముసలమ్మకి అయిదు పెట్టిందీ మీరేనన్నమాట."

బాబాయ్ తాగబోతున్న గ్లాసు దించాడు. "అది... అదొక్కటీ వాళ్ళ పనమ్మా."

అమ్మాయికి ఆయన్ని చూస్తే జాలేసింది, కానీ ముసలమ్మ మీద అంతకంటే ఎక్కువ జాలి ఉంది. లేచి నిలబడింది. "అంటే వాళ్ళూ అంకెలు మారుస్తారన్నమాట. పోస్టుమాన్‌ని ఆపిందీ వాళ్ళేనేమో, కనుక్కొస్తాను."

"కూర్చో తల్లీ," అన్నాడు బాబాయ్ కంగారుగా. "మీటింగులో ఇచ్చే కాయితంలో రాసుకో, నేనే. కాకపోతే కావాలనే పెట్టానని రాయి. ప్రయోగం."

"కావాలని పెడితే ఉద్యోగం ఊడుతుంది బాబాయ్. పొరపాటైతే దిద్దుకోమంటారు, అంతే."

బాబాయ్ చల్లారిన టీ చివరిదాకా తాగాడు. గడియారం మూడున్నర దాటింది.

"సరే, పొరపాటనే రాయి," అన్నాడు. "కానీ ఇంత పెద్ద పొరపాటు ఈ ఆఫీసులో ఇంతవరకూ ఇంకెవడి వల్లా కాలేదని కూడా రాయి."