గంట బాబాయి చేతికి మైకు

పక్కవాడి మాట ఆపించడమే ఉద్యోగంగా ఇరవై రెండేళ్ళు గడిపిన మనిషికి, ఒక్కసారైనా తానే మాట్లాడాలని ఉండదా? ఉంటుంది. గంట బాబాయికి మరీ ఉంది.

విశ్వవిద్యాలయం పెద్ద హాల్లో ఆయన అటెండరు. ఏటా ఒకరోజు ఆ హాల్లో ఓ పోటీ పెట్టి ఊళ్ళో జనాన్ని పిలుస్తారు. డాక్టరేటు కోసం ఏళ్ళ తరబడి పుస్తకాల్లో తలదూర్చిన పిల్లలు ఒక్కొక్కరే వేదికెక్కి, తాము చేస్తున్న పరిశోధన ఏమిటో మూడే మూడు నిమిషాల్లో, బస్సులో పక్క సీటువాడికి చెప్పినట్టు చెప్పాలి. చీమల మీద చదివేవాళ్ళు, చుక్కల మీద చదివేవాళ్ళు, లెక్కలవాళ్ళు, పాత రాళ్ళ మీది రాతలు చదివేవాళ్ళు, అన్ని రకాల వాళ్ళూ వస్తారు. మూడో నిమిషం నిండగానే బాబాయి ముందున్న ఇత్తడి గంట ఠంగుమంటుంది. అంతే, ఎంత చదువుకున్నవాడైనా నోరు మూసెయ్యాల్సిందే. ఆయన అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆ రోజు నాలుగింటికి కార్యక్రమం. మూడింటికి తెలిసింది, ఏటా మైకు పట్టుకుని అందరినీ పరిచయం చేసే పెద్దమనిషికి గొంతు పూర్తిగా పోయిందని. కార్యక్రమం నడిపే మేడం హాలు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చుని, ఫోను మీద ఫోను చేస్తోంది.

"ఎవరూ దొరకలేదా మేడం?" అన్నాడు టీ కొట్టు ఆయన, గ్లాసు ముందు పెడుతూ.

"మనుషులు దొరుకుతున్నారయ్యా. మామూలు మాటల్లో చెప్పేవాళ్ళే దొరకట్లేదు. ఒక్కొక్కరి గురించి రెండంటే రెండు వాక్యాలు. అది కూడా రాదంటున్నారు."

ఆ మాట వినగానే పక్క బల్ల మీదున్న బాబాయి గుండె ఎగిరి గంతేసింది. లేచి వెళ్ళి, 'ఆ మైకు నాకివ్వండి మేడం' అంటే ఒక్క ముక్కలో తేలిపోయేదే. కానీ అడిగి పుచ్చుకుంటే ఏం విలువ? పిలిచి ఇవ్వాలి. అందుకని ఆయన గొంతు సవరించుకుని, మొహం పక్కనే టీ తాగుతున్న సెలూన్ ఆయన వైపూ, మాట మేడం వైపూ తిప్పి మొదలుపెట్టాడు.

"మామూలు మాటలంటే గుర్తొచ్చింది. ఓ చీమల పిల్ల ఉండేదిలే."

సెలూన్ ఆయనకి ఆ పూట బేరాల్లేవు. "చీమల పిల్ల ఏంటి బాబాయ్?"

"చీమల మీద పరిశోధన చేసే పిల్లరా. పోటీకి ముందురోజు ఖాళీ హాల్లో ప్రాక్టీసు. నేను కుర్చీలు తుడుస్తున్నాను. ఆ అమ్మాయి నోరు తెరిస్తే అన్నీ నాలుక తిరగని మాటలే, నాకు కాదు, ఆమెకే తిరగట్లేదు. నేను చీపురు పక్కన పెట్టి, 'తల్లీ, చీమల బారు అంటే బస్టాండు దగ్గర రోడ్డు అనుకో. ఎదురెదురుగా ఇన్ని వేల చీమలు వెళ్తుంటే ఒక్క చోటా ట్రాఫిక్ జామ్ కాదేం? అక్కడ మొదలెట్టు' అన్నాను. మర్నాడు అలాగే మొదలెట్టింది. రెండో బహుమతి!"

ఇది నమ్మదగ్గ మాటే. టీ కొట్టు ఆయన కూడా తలూపాడు.

"నిజమే బావా, ఎందుకు జామ్ కాదు?"

"అక్కడికే వస్తున్నాను," అని బాబాయి టీ ఒక గుక్క తాగి, అక్కడికి మాత్రం రాలేదు. "దాంతో ఏమైందంటే, నా సంగతి డిపార్ట్‌మెంట్లన్నిటికీ పాకిపోయింది. మరుసటి ఏడు పాత రాళ్ళ మీది రాతలు చదివే కుర్రాడు. వేదికెక్కాడు, జనాన్ని చూశాడు, బిగుసుకుపోయాడు. నేనేం చేశానో తెలుసా? టేబుల్ వెనకనుంచి గొంతు తగ్గించి నేనే చెప్పడం మొదలెట్టాను. వాడు ఊరికే పెదాలు కదిపాడు. హాల్లో మూడొందల మంది, ఒక్కడు కనిపెడితే ఒట్టు. రాయి మీద సగం రాత చెరిగిపోయింది, ఆ సగం ఎవరు చెరిపారు? అని నేను అడిగేసరికి ముందు వరసలో పెద్దాయన కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు, ఎవడాడు పట్టుకొద్దాం పద అని!"

మేడం ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఇటు చూసింది. బాబాయి అది కంటి కొసతో పట్టేశాడు. ఇంక గాలిపటానికి దారం వదిలినట్టు వదిలేశాడు.

ఇంతలో, చీమల కథ దగ్గర్నుంచీ కొట్టు వెనకే ఆగి వింటున్న బైండింగ్ అక్కయ్య ముందుకొచ్చింది. హాలు వెనక సందులో ఆమె కొట్టు. విశ్వవిద్యాలయంలో ఎవరు పరిశోధన పూర్తి చేసినా ఆ లావుపాటి పుస్తకం అట్ట కట్టించుకోవడానికి ఆమె దగ్గరికే రావాలి. చంకలో నాలుగు పుస్తకాలు, వేళ్ళ నిండా ఎండిన జిగురు. "టీ ఇవ్వు తమ్ముడూ" అని ఓ మూల కూర్చుంది.

"కూర్చో అక్కయ్యా, మంచి సమయానికి వచ్చావు," అన్నాడు సెలూన్ ఆయన. "కోతలు మొదలై పది నిమిషాలే అయింది."

"కోతలా? విను మరి," అన్నాడు బాబాయి, ఏ మాత్రం తగ్గకుండా. "నిద్ర మీద పరిశోధన చేసే డాక్టరమ్మ. పాపం, ఆమెకి జ్వరం. మీరే రెండు మాటలు చెప్పండి అని నా చేతులు పట్టుకుంది. నిద్ర పట్టేటప్పుడు మెదడులో దీపాలు ఒక్కొక్కటే ఎలా ఆరుతాయో నేను చెబుతూ ఉంటే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? హాలంతా నిద్రపోయింది! జడ్జీలు, ఫొటోలు తీసేవాడు, ఆఖరికి గోడ గడియారం కూడా. ఠంగుమని గంట కొట్టాను. మూడొందల మందీ ఒకేసారి లేచారు. లేచి ఒకరినొకరు చూసుకుని, అరే నీకూ అదే కల వచ్చిందా, నాకూ అదే అన్నారు!"

"ఏం కల?"

"అది వాళ్ళ సొంత విషయం, మనం అడగకూడదు."

టీ కొట్టు ఆయన పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని కూడా చూసుకోలేదు. "ఇంతకీ నిద్ర గురించి ఆ డాక్టరమ్మ కనిపెట్టిందేంటి బావా?"

"చెబుతాను, తొందరేంటి? అసలు కథ ఇంకా రానేలేదు." బాబాయి బల్ల మీద కాళ్ళు ముడుచుకున్నాడు. మేడం ఇప్పుడు ఫోను ఒళ్ళో పెట్టేసుకుంది. "ఓ ఏడాది వేదికెక్కాల్సిన ఎనిమిది మందినీ తెస్తున్న బస్సు దారిలో ఆగిపోయింది. ఇక్కడ హాలు కిటకిటలాడుతోంది. పరిచయం చేసే పెద్దాయన తల పట్టుకున్నాడు. నేను మెల్లిగా మైకు దగ్గరికి వెళ్ళి, ఎనిమిదీ నేనే చెప్పేస్తానండీ అన్నాను. ఎంతసేపట్లో? మూడు నిమిషాల్లో! సముద్రం గురించి చెప్పాను, కుళాయి తిప్పితే మంచినీళ్ళకి బదులు ఉప్పునీళ్ళొచ్చాయి. పక్షుల గురించి చెప్పాను, కిటికీల్లో పిట్టలొచ్చి వరసగా కూర్చుని తమ గురించి ఏం చెబుతానో అని మెడలు చాచి విన్నాయి, ఒక పిచ్చుకైతే మధ్యలో తప్పు దిద్దింది కూడా. లెక్కలు చెప్పాను, ముందు వరసలో పసిపాప ఉంగా ఉంగా మానేసి, ఆ రెండో మెట్టు మళ్ళీ ఓసారి అంది."

"ఓరి నాయనో," అన్నాడు సెలూన్ ఆయన, బల్ల అంచు పట్టుకుని.

"ఆగు, ఆఖర్న భూకంపాల శాస్త్రం. భూమి లోపల పలకలు ఎలా రాసుకుంటాయో, బలం ఎక్కడ పోగుపడుతుందో అరచేతులు రెండూ ఇలా పెట్టి చూపించాను. సరిగ్గా అప్పుడే నిజం భూకంపం బయల్దేరి వచ్చింది. అబద్ధమైతే ఈ టీ నాకు అరక్కుండా పోవాలి! హాలు గుమ్మం దాకా వచ్చింది. తొంగి చూసింది. అమ్మో, నా గుట్టంతా ఇక్కడ అందరికీ తెలిసిపోయిందే అని సిగ్గుపడి, గడప కూడా కదపకుండా వెనక్కి వెళ్ళిపోయింది! పెద్దలంతా వేదికెక్కి ఎనిమిది డాక్టరేట్లూ నాకే ఇస్తామన్నారు. నేనే వద్దన్నాను. ఒక్క తలకి ఎనిమిది టోపీలు ఏం బాగుంటాయి చెప్పు?"

సెలూన్ ఆయన నవ్వలేక చచ్చాడు. టీ కొట్టు ఆయన పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. మేడం కూడా నవ్వుతోంది, బాబాయి చూశాడు, ఇంక పిలుపు రావడమే తరువాయి అనుకున్నాడు. సమయం మూడూ నలభై.

"తమ్ముడూ," అంది బైండింగ్ అక్కయ్య, గ్లాసు కింద పెట్టి. "ఇంతకీ చీమల దారి ఎందుకు జామ్ కాదు?"

"అదా? అది..."

"పోనీ, ఆ రాయి మీది రాత ఎవరు చెరిపారు?"

"చెరిపారక్కయ్యా, ఎవరో..."

"నిద్ర సంగతి? భూకంపం సంగతి? అన్నిటికీ మొదలు భలేగా చెప్పావు. ఒక్కదానికీ చివర చెప్పలేదేం?"

బాబాయి ఖాళీ గ్లాసే ఎత్తి తాగబోయాడు. టీ కొట్టు ఆయన కంగారుపడి మంచినీళ్ళు అందించాడు.

"నేను చెప్పనా?" అంది అక్కయ్య. "రెండున్నర నిమిషాలు అవగానే నీ చెయ్యి గంట మీదికి పోతుంది, కన్ను గడియారం ముల్లు మీదికి పోతుంది. ఇంక చెవి పనిచెయ్యదు. వాళ్ళు అసలు కనిపెట్టిందేమిటో చెప్పేది ఆ చివరి అర నిమిషంలోనే. ఇరవై రెండేళ్ళుగా నువ్వు ఒక్కరి మాటా చివరిదాకా వినలేదు."

సెలూన్ ఆయన "అమ్మ బాబాయ్!" అని తొడ చరుచుకున్నాడు. బాబాయి మేడం వైపు చూడలేక తన చెప్పుల వైపు చూసుకున్నాడు. మైకు పోయిందని అర్థమైపోయింది. అబద్ధాలు పట్టుకున్నా ఆయనకి ఇంత నొప్పి ఉండేది కాదు. ఇది నిజం.

"ముల్లు చూడకపోతే ఎలా అక్కయ్యా," అన్నాడు మెల్లిగా. "ఒకడికి రెండు సెకన్లు ఎక్కువిస్తే ఇంకొకడికి అన్యాయం. వినాలనే ఉంటుంది. విన్నానా, ముల్లు దాటిపోతుంది." తలెత్తి అన్నాడు, "నీకెలా తెలుసు చివర్లు?"

"పేజీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి కదా. జిగురు ఆరేలోపు ఆఖరి పేజీ చదువుతాను. చీమలు రద్దీ పెరిగితే తోసుకోవట, కొన్ని ఆగి దారిస్తాయట. ఆ రాయి మీది రాత చెరిపింది ఎవరూ కాదట, వాన నీళ్ళేనట. పగలు నేర్చుకున్నది మనకి నిద్రలోనే గట్టిపడుతుందట. భూకంపం ఎప్పుడొస్తుందో ఆ భూకంపాల అబ్బాయి చెప్పలేకపోయాడు, కానీ వస్తే ఏ గోడ ముందు కూలుతుందో చెప్పాడు."

బాబాయి మైకు సంగతే మర్చిపోయాడు. "ఆగి దారిస్తాయా? చీమలా?" అన్నాడు. పదకొండేళ్ళుగా ఆ పిల్ల ఏం చెప్పి ఉంటుందా అని ఆయన కుర్చీలు తుడిచినప్పుడల్లా అనుకుంటూనే ఉన్నాడు.

మేడం లేచింది. "అక్కా, మైకు మీరు పట్టుకుంటారా?"

"నేనా? నలుగురిని చూస్తే నాకు మాట రాదమ్మా. పైగా నేను చెబితే ముందే చివర చెప్పేస్తాను, ఆ పిల్లలు వచ్చి చెప్పడానికేముంటుంది?" జిగురు వేలితో బాబాయిని చూపించింది. "పరిచయం చేసేవాడికి మొదలు తెలిస్తే చాలదూ? ఇతను చీమల రోడ్డు అంటే, వస్తూ వస్తూ దారిలోనే ఆగిపోయాను. ఆ భూకంపాన్ని మాత్రం హాల్లోకి రానివ్వకండి."

మేడం బాబాయి వైపు తిరిగింది. "ఉప్పునీళ్ళు, పిచ్చుకలు ఏవీ ఉండకూడదు. ఒక్కొక్కరికి రెండు వాక్యాలు. గంట అక్క కొడతారు. మీరు వేదిక మీదే కూర్చుని అందరిదీ చివరిదాకా వినాలి. సరేనా?"

బాబాయి చొక్కా సర్దుకున్నాడు. జేబులోని స్టాప్‌వాచ్ తీసి అక్కయ్య చేతిలో పెట్టాడు, పెట్టి కూడా వెంటనే వదల్లేదు. అయితే ఆ బెంగ రోడ్డు సగం దాటేదాకానే. అవతలి ఫుట్‌పాత్ మీద కాలు పెట్టేసరికి ఛాతీ మళ్ళీ పొంగింది.

"చూశావా," అన్నాడు వెనక్కి తిరిగి సెలూన్ ఆయనతో, "పిలిచి మరీ ఇచ్చారు. ఇలా జరుగుతుందని ఇరవై రెండేళ్ళ కిందటే నాకు తెలుసు. అసలు ఆ మైకు కనిపెట్టినాయన ఉన్నాడు చూడు, ఆయన మా..."

"తమ్ముడూ," అంది అక్కయ్య, వాచీలోంచి తలెత్తకుండా. "రెండు వాక్యాలు అయిపోయాయి. నడు."