సున్నా గీత

మధ్యాహ్నపు ఎండ ల్యాబులోని గాజుపలకల మీద నీళ్లలా కదులుతోంది. రక్తంలో క్యాన్సర్ జాడ పట్టే చిప్పుకి ముందుగా జబ్బులేని రక్తం చూపించి సున్నా సరిచూడాలి. ఆరేళ్లుగా రోజూ ఆ చుక్క, చిప్పుని తయారుచేస్తున్న ఆవిడదే.

"ఏంటక్కా, ఇవాళ నీ చుక్కకి తెరమీద గీత సున్నా దాటి పైకి తేలుతోంది?" అడిగాడు ఆవిడ సహాయకుడు.

"చిప్పు మొండికేసింది తమ్ముడూ. మూడు మార్చాను."

"నా చుక్క వేసి చూద్దామా?"

"వెయ్యి."

"నాది సున్నా మీదే ఉందక్కా."

"ఎంత బుద్ధిగా పడుకుందో చూడు."

"అక్కా, పద, డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఇంత ముందే తెలిస్తే నయమవుతుందని నువ్వేగా అందరికీ చెప్తావు."

"ఆరేళ్లు పెంచానా, మొదట నన్నే గుర్తుపట్టింది."

"ఊరుకో అక్కా!"

"వస్తాలే. ముందు పుస్తకంలో రాయి తమ్ముడూ, పనిచేస్తోందని."