ఆరో వాయిదా

కోర్టు ముగిశాక జూనియర్ తన సీనియర్ వకీలు గదిలో బల్ల ముందు నిలబడింది. చేరి రెండేళ్లయినా, కోర్టులో వాయిదా అడగడం తప్ప మరో మాట మాట్లాడే అవకాశం ఆమెకు రాలేదు.

“సార్, నాకింకాస్త పెద్ద పని ఇవ్వండి.”

“నిదానమే ప్రధానం అమ్మా. వచ్చే వారం చూద్దాం.”

“పోయిన వారమూ ఇదే అన్నారు సార్. ఇది ఆరో వాయిదా.”

“లెక్కపెడుతున్నావా?”

“అభ్యంతరం కూడా చెబుతున్నాను. కారణం చూపకుండా వాయిదా కోరుతున్నారు.”

ఆయన కళ్లజోడు తీశారు. “నిన్ను వాయిదాలు అడగడానికేగా పంపాను! అడ్డుకోవడం ఎవరు నేర్పారు?”

“ఎదుటి పక్షం వకీళ్లు సార్. నేను అడిగినప్పుడల్లా వాళ్లు అనే మాటే ఇది.”

ఆయన నవ్వి, ఒక ఫైలు ఆమె వైపు జరిపారు.

“రేపు సాక్షిని నువ్వే ప్రశ్నించు.”

ఆమె ఫైలు అందుకుని గబగబా పేజీలు తిప్పింది. “రేపేనా సార్?”

“ఏం, వాయిదా కావాలా?”